తాబేలు పక్క ఖాళీ గడి

మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టుడు అంటే ఏందో ఐదో తరగతి సైన్సు పుస్తకం చూసినంక నాకు మంచిగ తెలిసింది. కొండల మీద ఎగిరే మేక ఒకదిక్కు, సముద్రంల ఈదే తాబేలు ఒకదిక్కు. ఈ రెండింటికీ పోలికలేంది, తేడాలేంది అని పెద్ద చార్టు మీద గడులు గీసి, బొమ్మలేసి, సోమవారం క్లాసుల నిలబడి చెప్పాలట. వాటికి పోలిక ఏడిదే అని అడిగిన. పిల్ల పుస్తకంలకెల్లి తల గూడ ఎత్తకుండ, రెండూ ఊపిరి పీల్చుకుంటయి పెద్దమ్మా అన్నది. గట్లయితే నేనూ, నాకు చీరల పని ఇచ్చే ఠేకేదారూ గూడ ఒక్కటే. ఆయన గూడ ఊపిరి పీల్చుకుంటడు, నా పీసులు వాపస్ ఇచ్చేటప్పుడు జర ఎక్కువనే పీలుస్తడు.

ఆ పిల్ల నా చెల్లె బిడ్డ. మేముండేది గుజరాతీల ఊర్ల, గోడాదర అనే వాడల, కింద దుకాణం, పైన రెండు అర్రలు. మా ఆయనకు మరమగ్గాల పని. ఇక్కడ మగ్గాల కార్ఖానను ఖాతా అంటరు, పొద్దున ఖాతాకు పోతే చీకటి పడ్డంక వస్తడు. నేను ఇంట్ల కూసొని చీరలకు స్టోన్లు అతికిస్త. మా అత్త మంచం మీద కూసొని, నేను ఎట్ల అతికియ్యాల్నో చెప్తది. చెల్లె మొగడు తాగి తాగి సచ్చిపోయినంక, అది బిడ్డను నా కొంగుకు కట్టి మస్కట్‌కు పోయింది. అక్కడ ఒక పెద్దింట్ల వంట జేస్తది. అది పోయిననాడు ఈ పిల్లకు పాలపండ్లు ఊడలేదు. ఇప్పుడు కొత్త పండ్లు మొలిచి, ఆ పండ్లతోని నన్నే కొరుకుతున్నది.

ఒక్కటి మాత్రం చెప్పాలె, లేకపోతే నా తిక్క ఎందుకో మీకు సమజ్ కాదు. ప్రతి శుక్రవారం చెల్లెకు సెలవు. మాపటిపూట వీడియో ఫోన్ చేస్తది. ముందు పిల్ల ఫోన్ మీద పడి మాట్లాడేది. పోయిన బతుకమ్మకు వస్త, నీకు పువ్వుల గౌను తెస్త అని చెల్లె చెప్పింది. చెప్పి, రాలేదు. గౌను వచ్చింది, మనిషి రాలేదు. గప్పటిసంది పిల్ల ఫోన్ దగ్గరికి రాదు. మోగంగనే డాబా మీదికి పోతది. పిలిస్తే చెవిటోని ముందు శంఖం ఊదినట్టే. నేను ఫోన్ పట్టుకొని మెట్లెక్కుడు, అది ఇంకో మెట్ల నుంచి దిగుడు. చెల్లె ఆడ ఫోన్‌ల గోడలు, నీళ్ల ట్యాంకు, నా ముక్కు, గివే చూసుకుంట కూసుండేది.

చార్టు పని మొదలైన శుక్రవారం చెల్లె నాతోని ఒక మాటన్నది. ఆ ఇంటి మేడం ఇంకో రెండేండ్లకు కాగితం రాస్తనంటున్నదట. ఉంటవా పోతవా, వచ్చే శుక్రవారం మాపటికి చెప్పు అన్నదట. అక్కా, నా బిడ్డ ఒక్కసారి ఫోన్‌ల మాట్లాడితే నేను వచ్చేస్త, లేకపోతే ఎవరి కోసం రావాలె, ఈడ్నే ఉంట అన్నది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అంత పెద్ద మాట తెచ్చి గంత చిన్న పిల్ల నోట్ల పెడ్తవా అని తిట్టిన. తిడితే ఏమైతది, అది ఏడ్సింది. మా ఆయనను అడిగితే పిల్లకు చెప్పకు అన్నడు, చెప్తే ఇంకింత బిగుసుకుంటది అన్నడు. అత్త చెప్పాలె అన్నది. నేను అడకత్తెరల పోకచెక్క లెక్క అయిన. ఆఖరుకు చెప్పలేదు. పిల్లతోని మాట్లాడించుడు నా పని అనుకున్న, ఆ వారమంతా దాని ఎనుకెనుక తిరిగిన. అదేమో మేక, తాబేలు, మేక, తాబేలు.

పుస్తకంల ఉన్నది ఇంగ్లీషు. పిల్ల చదివి, సగం హిందీల సగం తెలుగుల మాకు చెప్పేది. కొండమేక గిట్ట చుట్టూర గట్టిగుంటదట, నడుమ మెత్తగుంటదట, గందుకే రాయి జారదట. పిల్ల పుట్టిన జరసేపట్లనే లేసి నిలబడ్తదట. తల్లి కొండ మీద పిల్లకు దిగువ పక్కన నడుస్తదట, కాలు జారితే తన మీదనే పడనీకి. బాగనే ఉన్నది. తాబేలుకు కాళ్లు లేవట, తెడ్లట. సముద్రపు తాబేలు తల లోపలికి గుంజుకోలేదట. ఈడ మా అత్త లేసి కూసున్నది. తాబేలు తల లోపలికి గుంజుకోకపోవుడేందే, ఏం పుస్తకమే అది, చింపెయ్ అన్నది.

అత్తకు తాబేలు అంటే దేవుడు. కూర్మావతారం ఎత్తి మందర పర్వతాన్ని వీపు మీద మోసిండు, మేక ఎన్నడన్న ఒక్క గులకరాయి మోసిందా అని అడుగుతది. మేకను పోచమ్మకు కోస్తం, తాబేలుకు మొక్కుతం, గా తేడా రాయమను మీ టీచర్‌ను అన్నది. పిల్ల పెన్సిల్ పట్టుకొని, అవ్వా, కోసుడు నివాసం గడిల రాయాల్నా, ఆహారం గడిల రాయాల్నా అని అడిగింది. వెక్కిరిస్తున్నదో నిజంగ అడుగుతున్నదో నాకు ఇప్పటికీ తెల్వదు. చీర మీద గమ్ము ఆరిపోతున్నది, నేను ఈ పంచాయితి తెంపాలె.

తాబేలు పిల్లల ముచ్చట వచ్చిననాడు ఇంకా గొడవైంది. ఒడ్డు మీదికి వచ్చి, ఎనుక తెడ్లతోని ఇసుక తవ్వి, గుడ్లు పెట్టి, మళ్ల ఇసుక కప్పి, సముద్రంలకు పోతది అని పిల్ల చదివింది. మళ్ల రాదు అన్నది. కండ్లకెల్లి నీళ్లు కారుతయి గని అది ఏడుపు కాదు, ఒంట్ల ఉప్పు బయటికి పోవుడు అన్నది. ఆ మాట అనేటప్పుడు దాని గొంతు ఎట్లున్నదంటే, ఠేకేదారు పీసుల లెక్క చదివినట్టు ఉన్నది. అత్త ఊకుంటదా. చిన్నప్పుడు భజనల ఒక స్వామి చెప్పిండట. కోడి మీద కూసొని పొదుగుతదట, చేప చూపుతోని పొదుగుతదట, తాబేలు తలపుతోని పొదుగుతదట. ఏడున్నా సరే, గుడ్లను తల్సుకుంటనే ఉంటదట, ఆ తల్సుకునుడుకే పిల్లలు అవుతయట. ఒక్క గడియ మరిచిందా, గుడ్లు మురిగిపోతయట.

పిల్ల పుస్తకం మూసింది. ఇసుక వేడికి అయితయి అవ్వా, తల్సుకుంటే ఏం కాదు అన్నది. అని లేసి డాబా మీదికి పోయింది. ఆనాడు శుక్రవారం గూడ కాదు.

ఆదివారం మా ఆయనకు బుద్ధి పుట్టింది. సముద్రం చూస్తే పిల్ల మంచిగ రాస్తది, డుమస్ పోదాం అన్నడు. పండుగ నాడు గూడ బండి తియ్యనోడు ఆ ఒక్కనాడు తీసిండు. డుమస్‌ల ఏముంటది? నల్ల ఇసుక, బురద, ఒంటె మీద ఫోటోలు, టమాట భజియాల ముందు జనం. సముద్రం ఎక్కడో దూరం పోయి కూసున్నది. తాబేళ్లు వస్తయా అని భజియాలాయనను అడిగితే, ఆయన నన్ను కిందికెల్లి మీది దాక చూసి, చట్నీ ఇంకింత కావాల్నా బెన్ అన్నడు. నా చెప్పులు బురదల పోయినయి, మా ఆయన మూడో ప్లేటు చెప్పిండు, పిల్ల ఒక్క ముక్క గూడ రాసుకోలేదు. మూలిగే నక్క మీద తాటిపండు లెక్క, వచ్చేటప్పుడు బండి పంక్చర్ అయింది. ఒక్కటి మాత్రం జరిగింది. నీళ్ల దిక్కు చూసుకుంట పిల్ల, పెద్దబాపూ, మస్కట్ ఎటు పక్క అని అడిగింది. ఆయన చేతిల భజియతోనే, అదో, సక్కగ అటే అని చూపిచ్చిండు. పిల్ల అటే చూసుకుంట నిలబడ్డది. నేను ఏమన్న అంటే మళ్ల ముడుచుకుంటదని నోరు మూసుకున్న. నోరు మూసుకునుడు నాకు ఎంత కష్టమో మా ఇంట్ల అందరికీ ఎరుక.

బుధవారం దాక చార్టు నడిచింది. ఎడమ పక్క మేక, కుడి పక్క తాబేలు. నివాసం, కాళ్లు, ఒళ్లు, తిండి, శత్రువులు, ఒక్కో వరుసకు రెండు గడులు, ఒక్కో గడిల బొమ్మ. రంగులు మంచిగ వేసింది, అబద్ధం చెప్పొద్దు. తయారైనంక గోడకు అతికిచ్చి, ఎవరూ ముట్టొద్దు అని ఆర్డర్ వేసి పోయింది.

ఇగ నేను చేసిన పని చెప్త. చెప్పేముందు మా పని గురించి జర చెప్పాలె. చీర కొంగు మీద వంద పువ్వులుంటే, వంద పువ్వులకూ నడుమ రాయి ఉండాలె. ఒక్క పువ్వుకు లేకపోయినా చీర వాపస్ వస్తది. ఎడమకు ఎన్నుంటే కుడికి గన్ని ఉండాలె. ఏండ్లకేండ్లు గిదే పని చేసి చేసి, నా కండ్లు ముందు ఖాళీనే చూస్తయి. పెండ్లికి పోయినా అంతే, పెండ్లిపిల్ల మొఖం చూడను, దాని కొంగు మీద ఏడ రాలిపోయిందో చూస్త.

గురువారం పగటీలి చేతిల ఉన్న చీరల మాల్ అయిపోయింది. పిల్ల ట్యూషన్‌కు పోయింది. గమ్ము ట్యూబు ఇంకా మూత తీసే ఉన్నది. తల ఎత్తి చూస్తే గోడ మీద చార్టు. ఆఖరు వరుస మీద నాకు రాని ఇంగ్లీషుల ఏదో రాసి ఉన్నది, దాని కింద ఎడమ గడిల తల్లి మేక, దాని పక్కకే ముద్దుగ పిల్ల మేక. కుడి గడి ఖాళీ. తెల్లగ, ఒక్క గీత లేకుండ ఖాళీ. అయ్యో, బిడ్డ అలసిపోయి ఒక గడి మరిచింది, టీచరు మార్కులు కోస్తది అనుకున్న. చార్టు దించిన. చీరలకు గీసే చాక్ పెన్సిల్‌తోని తల్లి తాబేలును గీసి, వీపంతా పచ్చ స్టోన్లు నింపిన. దాని ఎనుక వరుసగ పిల్ల తాబేళ్లు, ఒక్కోదానికి ఒక్కో బంగారు రంగు స్టోన్. అత్త మంచం మీదికెల్లి, వీపు మీద గూడ ఒకదాన్ని ఎక్కియ్యే అన్నది. ఎక్కిచ్చిన. మెరుస్తుంటే ఇద్దరం చూసి మురిసినం. ఇన్నేండ్లల్ల మా అత్త నా పనిని మెచ్చుకున్నది ఆనాడే.

పిల్ల వచ్చి చూసింది. సంచి భుజం మీదకెల్లి తియ్యలేదు. ఎవరు చేసిన్రు అన్నది. నేనే, మరిచినవ్ గద అన్న, నవ్వుకుంట. అది దగ్గరికి పోయి ఒక చిన్న తాబేలును గోరుతోని గీకింది. మా గమ్ము చీరను ఉతికినా ఊడదు, కాగితాన్ని ఇడుస్తదా? రాయితోని పాటు కాగితం చిరిగి వచ్చింది.

"అది ఖాళీ కాదు పెద్దమ్మా," అన్నది. "తల్లి పిల్లల్ని ఎట్ల సాదుతది అని ఆ వరుస. తాబేలు ఏం చెయ్యదు. గదే జవాబు."

నేను ముందుగాల మండిపడ్డ. పగలంత కూసొని చేస్తే గిదా నాకు దక్కేది, ఎవరి కోసం చేసిన, నీ మార్కుల కోసం కాదా, చెప్పి ఏడ్వొచ్చు గద ఖాళీగ ఉంచాల్నని అని ఒర్రిన. అది ఏడ్వలేదు. ఏడిస్తే నాకు మంచిగుండు. చార్టును మళ్ల గోడకు అతికిచ్చి, దాని ముందు కూసున్నది. కొత్త చార్టు కొనిస్త అంటే వద్దన్నది. అన్నం పెడితే తినలేదు. అప్పుడు నాకు తట్టింది, ఆ పిల్ల వారం రోజులసంది ఏం రాస్తున్నదో. పుస్తకం బడిదే గని తాబేలు మస్కట్‌ల ఉన్నది. నేను పోయి పోయి ఆ గడిలనే పిల్లల్ని అతికిచ్చిన. పుండు మీద కారం చల్లుడు అంటరు, నేను స్టోన్లు చల్లిన.

శుక్రవారం తెల్లారింది. ఈ మాపు చెల్లె మేడంకు జవాబు చెప్పాలె. పిల్ల ఫోన్‌ల మాట్లాడకపోతే ఇంకో రెండేండ్లు. రెండేండ్లయితే ఈ పిల్ల పెద్దమనిషి అయితది, అప్పుడు తల్లి వచ్చి నిలబడ్డా ఎవరివమ్మా అంటది. చెల్లె రావాలె అని నాకు పానం కొట్టుకుంటున్నది. వస్తే ఏమైతదో గూడ తెలుసు, గని దాని దిక్కు నేను చూడదల్చుకోలేదు.

మాపు ఫోన్ మోగింది. పిల్ల డాబా మీదికి పోతది, నేను మెట్లెక్కాలె అని చీర దోపుకున్న. అది పోలేదు. చార్టు ముందట్నే కూసున్నది. నేను ఫోన్ ఎత్తి, చెల్లె మొఖం కనబడంగనే అన్నం తిన్నవా అని అడిగిన. ఇంతల పిల్ల లేసొచ్చి నా చేతిలకెల్లి ఫోన్ గుంజుకున్నది. దాన్ని చార్టు దిక్కు తిప్పింది.

"చూడు. పెద్దమ్మ అతికిచ్చింది గివి. తాబేలు ఎనుక పిల్లలు ఉండయి. తల్లికి అవి ఎట్లుంటయో గూడ తెల్వదు."

  అత్త మంచం మీద దండం పెట్టుకుంటున్నది, ఏ దేవునికో. ఆడికెల్లి చెల్లె గొంతు వచ్చింది. మేక గురించి చెప్పు బిడ్డా అన్నది. పిల్ల చెప్పింది. క్లాసుల చెప్పాల్సినట్టే, నిటారుగ నిలబడి, గిట్టలు, రాళ్లు, తల్లి దిగువ పక్క నడుచుడు, ఒక్కటి ఇడువకుండ చెప్పింది. తర్వాత తాబేలుది చెప్పింది. హిందీ కలిసింది, గుజరాతీ కలిసింది, చెల్లెకు సగం సమజ్ అయి ఉండదు. గని ఒక్క మాట అడ్డం రాలేదు. ఇన్ని నెలలల్ల అది బిడ్డ గొంతు గంతసేపు విన్నది గప్పుడే.

అంతా అయినంక చెల్లె అడిగింది. "గుడ్లు పగిలేదాక తాబేలు ఆడ్నే ఉండరాదా బిడ్డా?"

"ఉండరాదు. ఒడ్డు మీద ఎక్కువసేపుంటే ఎండకు సచ్చిపోతది. పుస్తకంల ఉన్నది."

ఆ మాట అన్నంక పిల్ల ఫోన్‌ను చార్టు మీదకెల్లి తన దిక్కు తిప్పుకున్నది. తల్లి మొఖం చూసింది. నేను పక్కకే ఉన్న, నాకు అగుపడ్డది, చెల్లె మొఖమంతా తడిసి ఉన్నది.

"నువ్వు తాబేలువు కాదు గద," అన్నది పిల్ల. "మరి ఎప్పుడొస్తవ్?"

చెల్లె ఏం చెప్పిందో నాకు సరిగ వినబడలేదు, ఏడ్సుకుంట చెప్పింది. పిల్ల మాత్రం ఏడ్వకుండ ఒక్కోటి అడిగింది. నిజంగనా? టికెట్ చేసుకున్నవా, చేసుకుంటవా? ఏ నెల? చెల్లె ఇప్పుడే మేడంకు చెప్తనన్నది. అన్నీ ముందుగాలనే సోంచాయించి పెట్టుకున్నట్టున్నది. ఇదే ఊర్ల పాండేసరాల బట్టల మిల్లుల పని దొరుకుతది, ఆ పక్కనే వడోద్‌ల మనోళ్లు ఉన్నరు, ఒక అర్ర కిరాయికి తీసుకుంట, మనిద్దరం ఉందాం అన్నది. వడోద్ నుంచి బడి దూరమైతది గద అని పిల్ల అడిగింది. బస్సున్నదా, లేకపోతే బడి మారాల్నా అని అడిగింది. పెద్దమ్మ గూడ వస్తదా అని మాత్రం అడగలేదు.

నాకు సంతోషం కాలేదని చెప్తే అబద్ధం. నా చెల్లె వస్తున్నది, దాని బిడ్డ దానికి దక్కుతున్నది, వారం రోజులసంది నేను నెత్తీ నోరూ కొట్టుకున్నది గీ మాట కోసమే. గని కోపం గూడ వచ్చింది, ఎవరి మీద అంటే చెప్పలేను. జడలు నేను వేసిన. జరమొస్తే నేను మేల్కున్న. బడిల పేరు రాయనీకి నేను తిరిగిన. చెల్లెతోని ఫోన్‌ల మాట్లాడమని బతిలాడింది గూడ నేనే. మాట్లాడింది, చూడుండ్రి, పది నిమిషాలల్ల ఇల్లే మార్చేసింది. ఎవరన్న వింటే నవ్వుతరు. నాకు మాత్రం పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన గూడ రాలేదు, అత్త ఒర్రితే పోయి దించిన.

ఫోన్ పెట్టేసినంక పిల్ల అన్నం తిన్నది. రెండోసారి పెట్టిచ్చుకున్నది. తిని చెయ్యి కడుక్కొని, అర్రల నడుమ నిలబడి ఒక్కో సామాను దిక్కు చూసుకుంట తిరిగింది. బట్టల పెట్టె తెరిచి చూసి మూసింది. అద్దం దగ్గర దువ్వెన తీసి, మళ్ల ఆడ్నే పెట్టింది. నేను గిన్నెలు తోముకుంట చూస్తున్న. పరుపుల దగ్గరికి పోయి, తను తల పెట్టుకునే దిండు తీసి రెండు చేతులతోని పట్టుకొని నా దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, ఈ దిండు నాదా, ఇంటిదా?"

"నీదే. తీస్కపో," అన్న. కసురుకున్నట్టే అన్న. ఇంకెట్ల అనాల్నో నాకు రాలేదు.